నాలుగు దుంగల మీది ఇల్లు

మా నాయిన ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల టింబర్‌మన్‌గ పనిచేసిండు. తెల్వనోళ్ళకు చెప్తున్న. బొగ్గు తవ్వి తీసినంక మీద బండ ఉత్తగ మిగులుతది. అది కింద ఉన్నోళ్ళ మీద పడకుండ దుంగలు నిలబెట్టేటోడే టింబర్‌మన్. దుంగ నిలబెట్టి, దుంగకు బండకు నడుమ చెక్క చీల దూర్చి, సుత్తెతోటి కొట్టి బిగిస్తడు. చీల బిగువుగ ఉన్నన్ని రోజులు మనుషులు కింద పనిచేసుకోవచ్చు. వదులైందంటే పాణాలు గాలిల ఉన్నట్టే. ఆ పనే మమ్ముల బతికిచ్చింది, నన్ను ఇంటర్ దాక సదివిచ్చింది, నా పెండ్లి చేసింది. వరదలొచ్చిన ఏడు మా ఇల్లు సర్కారు లిస్టుల ఎక్కకుండ చేసింది గూడ ఆ పనే. వినెటోళ్ళకు నవ్వొస్తది. నేనైతే నవ్వలే. ఆ రెండు నెలలు నేను తిన్నది ఒంటికి పట్టలే.

మా బస్తి గోదావరిఖనికి కింది దిక్కు వాగు ఒడ్డున ఉండె. నాయిన రిటైరైనంక కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. చేతికొచ్చిన పైసలతోటి ఇంత జాగ కొని, ఇటుకలు మట్టితోటి పేర్చి, నడుమ ఒక టేకు దూలం ఏసి, మీద బెంగుళూరు పెంకలు కప్పిచ్చిండు. నన్ను కన్న అవ్వ ఆ ఇంట్ల మూడేండ్లే ఉన్నది, తర్వాత కాలం చేసింది. మా ఆయన మందమర్రి దిక్కు ఓపెన్‌కాస్టు గనిల కంట్రాక్టు డ్రైవరు, వారానికొక్క దినం ఇంటికొస్తడు. మిగిలిన ఆరు దినాలు ఇంట్ల నేను, నాయిన, తొమ్మిదో తరగతి చదివే మా పిల్ల. నేను మిషన్ కుడ్తా. జాకెట్లకు, లంగాలకు మా బస్తిల నాకు మంచి పేరే ఉన్నది. నోటికి గూడ పేరున్నది, అది వేరే సంగతి.

ఆ ఏడు వాన పట్టిందంటే ఇడవలే. గోదావరి నిండితే మా వాగు పోవుడు బందైతది. నీళ్ళు ముంగటికి పోకుండ వెనుకకు తిరిగి బస్తి మీద పడ్తయి. పొద్దుగాల వాకిట్ల నీళ్ళు, పగటికి గడపల నీళ్ళు, మాపటికి మమ్ముల బడికి తోలిండ్రు. నేను మిషన్ తల ఒక్కటి నెత్తిన పెట్టుకొని నడిచిన. బళ్ళె మూడు దినాలు పులిహోర పొట్లాలు తినుకుంట కూసున్నం. నాయిన మాత్రం కిటికీ కాడనే నిలబడి మా ఇంటి దిక్కు చూసుకుంట, "మట్టి గోడ నానుతది, మట్టి గోడ నానుతది" అనుకుంట ఉన్నడు.

నీళ్ళు తీసినంక పోయి చూసినం. అవ్వో, ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుల ఉన్నది. మోకాలు లోతు నల్ల బురద. ఎనుక గోడ సగం జారి దొడ్లె పడ్డది. దాని మీద ఆనుకోవాల్సిన దూలం కొస గాలిల వేలాడుతున్నది. పెంకలన్నీ ఒక దిక్కు ఒరిగినయి. నేను వాకిట్లనే కూలబడి ఏడ్వవట్టిన. నాయిన ఏడ్వలే. చేతికర్ర తీసి దూలం మీద మెల్లగ కొట్టి చెవి పెట్టిండు. బాయిల గట్లనే చేస్తరు. బండను కర్రతోటి కొడితే గట్టిగున్న బండ టంగుమంటది, ఖరాబైన బండ డొల్లగ మోగుతది. మా దూలం డొల్లగ మోగింది.

"ఎవ్వలు లోపలికి రావద్దు" అన్నడు నాయిన.

వరదకు కొట్టుకొచ్చిన తుమ్మ మొద్దులు వాగు గట్టు పొంటి మస్తుగ పడున్నయి. నాయిన వయసు డెబ్బై దాటింది, మోకాళ్ళ నొప్పులు, బీపీ గోలీలు. అయినా నలుగురు పిలగాండ్లను కేకేసి నాలుగు మొద్దులు మోపిచ్చిండు. నేను "ముందు ఇంత తిను నాయినా" అంటే ఇనలే. "ముందు దుంగ, తర్వాత బువ్వ. బాయిల మొదటి పాఠం గదే" అన్నడు. పొద్దు గూకకముందే దూలం కింద వాకిలి కాడొకటి, ఎనుక కొసకొకటి, ఎనుక వాసాల కింద రెండు, మొత్తం నాలుగు దుంగలు నిలబడ్డయి. ఒక్కొక్కదాని మీద చీల బిగిచ్చి, సుత్తె కింద పెట్టి, చేతులు దులుపుకొని బయటికొచ్చిండు. రిటైరైనంక ఆయన మొఖంల అంత కళ నేను చూడలే. నేను గూడ ఊకున్ననా? మేమంత ఖాలా అని పిలిచే పక్కింటి సాయబులామెకు, ఎదురింటి వదినెకు, దారెంట పోయెటోళ్ళకు అందరికి పిలిచి చూపిచ్చిన. "మా నాయిన పెట్టిన సపోర్టు, ఏనుగు ఎక్కినా కదలది" అన్న. నా నోరు పాడుగాను.

మూడో దినం సర్వే సారు వచ్చిండు. చేతిల ఫోను, బూట్ల మీద బురద, పాపం ఆయనకు గూడ పొద్దటి సంది తిండి లేనట్టున్నది. ఎదురింటి వదినె ఇల్లు మొత్తం పడ్డది. దాని ముంగట నిలబడి ఫొటో తీసి, ఆమె పేరు, ఆధార్ రాసుకున్నడు. మా కాడికొచ్చి తొవ్వల నిలబడే చూసిండు.

"ఇల్లు నిలబడే ఉంది కదమ్మా" అన్నడు.

"మా నాయిన నిలబెట్టిండు సార్" అన్న. ఏదో బహుమతి ఇస్తడన్నట్టు అన్న!

ఫొటో తీసుకొని పోయిండు. మాపటికి తెలిసింది, మొత్తం కూలిన ఇండ్లోళ్ళకు సర్కారు ఊరి మీది దిక్కు మెరక జాగల కొత్త ఇల్లు ఇస్తదంట. పునాదికింత, గోడలకింత, స్లాబుకింత అని పైసలు బ్యాంకులేస్తదంట. కొంచెం దెబ్బతిన్న ఇండ్లకు రిపేరు ఖర్చు మాత్రం వస్తదంట. ఆ రిపేరు పైసలు ఎంతంటే, బురద ఎత్తిపోసిన కూలోళ్ళకిస్తే అయిపోతయి. లిస్టుల మా పేరు ముంగట రాసిన ముక్క ఏందంటే, కొంత నష్టం.

కూలిన ఇంటిని చూసి కుళ్ళుకున్న ఆడిది లోకంల నేనొక్కదాన్నే ఉంటనేమో. ఎదురింటి వదినె తన ఇటుకల కుప్ప మీద కూసొని ఏడుస్తుంటే, నేను లోపల "నీకేమే తల్లీ, నీది పడ్డది, అదృష్టవంతురాలివి" అనుకున్న. ఛీ, అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గైతది. కానీ నిజం గదే. మళ్ళ వాన పడ్తే మా గోడలు ఉంటయా? వచ్చే ఏడు మళ్ళ వాగు వెనుకకు తిరుగదా? మిషన్ కుట్టి నేను ఇల్లు కట్టగలనా? కొత్త ఇల్లు వస్తే మెరక మీద వస్తది, లేకుంటే ఈ బురదల్నే మా పిల్ల పెండ్లీడుకొస్తది. నాకు ఇదొక్కటే ఫికర్. ఏ పని చేసినా అదే.

నాయినకు మాత్రం నా మాట ఎక్కలే.

"దుంగ పెట్టినమంటెనే కప్పు ఖరాబున్నట్టు" అన్నడు. "మంచి కప్పు కింద ఎవడన్న దుంగ పెడ్తడానే? బాయిల దుంగ కనవడితే కొత్త పిలగానికి గూడ తెలుస్తది, ఇక్కడ జర పైలం అని. గిది తెల్వనోడు సర్వేకెట్ల వస్తడు?"

"సారు బాయిల పనిచెయ్యలే నాయినా. ఆయనకు దుంగ కనవడితే ఇల్లు గట్టిగున్నట్టు కనవడ్తది."

"గట్లయితే ఆయనకు చెప్పాలె."

సోమవారం దరఖాస్తు పెట్టుకుందామని సర్కారు ఆఫీసుకు పోయిన. బయట చెట్టు కింద రాసిచ్చేటాయన "నిరుపేదరాలిని" అని రాస్తె, "నిరుపేదరాలిని గాదు, టైలర్‌ను" అని కొట్టేపిచ్చిన. లైన్ల పగటి దాక నిలబడ్డ. లోపలి క్లర్కమ్మ మంచిదే, దరఖాస్తు మొత్తం సదివింది. చదివి, "నిలబడ్డ ఇంటిని పడ్డదని ఎట్ల రాస్తరమ్మా, ఫొటో గావాలె గద" అన్నది. పదో దినం మళ్ళ సర్వే వస్తదని, అప్పుడు చూపెట్టుకోమన్నది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని ఉత్తగనే అనలే పెద్దలు.

ఆ పది దినాలు ఖాలా వాళ్ళ వరండల పడుకున్నం. ఖాలా వాళ్ళాయన బండ్లు రిపేరు చేస్తడు, వాళ్ళది స్లాబు ఇల్లు, జర ఎత్తుల ఉన్నది. "ఫికర్ నక్కో కరో బేటీ" అనుకుంట పొద్దుగాల చాయ్, మాపటికి ఖిచిడి మాకే ముందు పెట్టేది. కానీ ఫికర్ చెయ్యకుంటె ఎట్ల? ఆకాశంల మబ్బు పడ్తే నాకు రెండు భయాలు. వాన పడి ఇల్లు కూలుతదేమో అని ఒకటి. వాన పడక ఇల్లు కూలదేమో అని ఇంకోటి. ఏది కోరుకోవాల్నో తెల్వక దేవునికి మొక్కుడు గూడ బందువెట్టిన.

నాయిన పొద్దుగాల లేవంగనే మా ఇంటికి పోతుండె. గడపలనే ఆగి, చేతికర్రతోటి వాకిలి కాడి దుంగను కొట్టి చెవి పెట్టి, బాగుందనుకుంటెనే అడుగు లోపల పెడ్తుండె. నాలుగు దుంగలు కొట్టి చూసి, వదులైన చీల బిగిచ్చి వస్తుండె. డ్యూటీకి పోయినట్టే. ఒక దినం నేను ఆగలేక అడిగేసిన.

"నాయినా, ఆ దుంగలు తీసెయ్యరాదు. అదే పడ్తది. సారు వచ్చే వరకు పడుంటది."

ఆయన నన్ను ఒక్క చూపు చూసిండు. "నిలబడ్డ కప్పును నేను పడగొట్టనే" అన్నడు. "సారుకు నేను చెప్త. మనిషన్నంక చెప్తే సమజైతది."

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం. సారు నీ మాట ఇంటడని ఎవలు చెప్పిండ్రు?" అని ఒర్రిన. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచిపోయిండు.

ఇగ చెప్పాల్సింది వచ్చింది. ఇది నేను మా ఆయనకు గూడ చెప్పలే.

తొమ్మిదో దినం నాయిన పింఛన్ కాయితం సంతకానికి బ్యాంకుకు పోయిండు. పిల్ల బడికి పోయింది. ఖాలా బియ్యం ఏరుతున్నది. నేను గిన్నెలు తోముతానని చెప్పి మా ఇంట్లకు పోయిన. లోపల చల్లగ, తడి మట్టి వాసన. నాయిన సుత్తె గూట్లనే ఉన్నది. వాకిలి కాడి మొదటి దుంగ చీల మీద ఒక్కటి కొట్టిన. కదల్లే. ఇంకోటి కొట్టిన. మూడో దెబ్బకు చీల సగం బయటికొచ్చింది. మీదికెళ్ళి మట్టి రాలి నా నెత్తిల పడ్డది. దూలం 'కిర్రు' మన్నది. నేను సుత్తె గూట్లె పడేసి ఉరికిన. నా లెక్క ఏందంటే, మాపటికి వాన వస్తది, ఇల్లు దానంతట అదే పడ్తది, రేపు సారు వచ్చి చూస్తడు. ఎవలికి నష్టం? ఎవలు లేరు గద లోపల.

ఖాలా ఇంటికొచ్చి నల్లా కింద గిన్నెలు ముంగటేసుకున్న. ఎంతసేపైందో తెల్వది, తలెత్తి చూసేసరికి మూల మలుపు కాడ నాయిన, ఆయన పక్కన మా పిల్ల. బడి ఒంటిపూటనే ఇడిసిండ్రంట, తొవ్వల తాతకు కలిసింది. పిల్ల సైన్సు రికార్డు మా ఇంట్ల గూట్లనే ఉండిపోయింది. అది తెచ్చుకుందామని తాతను ఇడిసి ముంగటికి ఉరుకుతున్నది. మా ఇంట్లకే!

నేను లేచి నిలబడ్డ. అరుద్దామని నోరు తెరిచిన. గొంతుల నుంచి గాలి తప్ప ఏం రాలే. నా పేరున్న నోరు, బస్తి అంత ఇనవడే నోరు, గప్పుడు పలుకలే.

"ఆగు!" అన్నడు నాయిన. పిల్ల గడపల ఆగింది. తాత కంటె ముందు ఆ ఇంట్లకు ఎవ్వలు పోవద్దని ఆయన పెట్టిన కాయిదా ఉండె, అదే ఆపింది. ఆయన మెల్లగ నడిచొచ్చి, పిల్లను ఎనుకకు జరిపి, వాకిలి కాడి దుంగను కర్రతోటి కొట్టిండు. డొల్ల సప్పుడు. నాకు ఖాలా వాకిట్ల దాక ఇనవడ్డది. ఇనవడ్డదో, ఇనవడ్డట్టు అనిపించిందో. ఆయన పిల్లను తొవ్వ దాటి అవతలి దిక్కుకు పంపిచ్చిండు. తర్వాత ఒక్కడే లోపలికి పోయిండు. సుత్తె దెబ్బలు ఇనవడ్డయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి దెబ్బకు నేను కండ్లు మూసుకున్న. ఆయన మీద పడ్తే? దేవుడా, ఆయన మీద పడ్తే నేనెట్ల బతుకుత?

రికార్డు పుస్తకం పట్టుకొని ఆయన బయటికొచ్చిండు. నా కాడికొచ్చి నల్లా కింద చేతులు కడుక్కున్నడు. నా నెత్తి దిక్కు చూసిండు.

"ఇంట్ల ఎలుకలు వడ్డట్టున్నయి" అన్నడు. "మొదటి చీల వదులు చేసినయి."

అంతే. నేను నెత్తి తడుముకుంటె మట్టి చేతికొచ్చింది. ఎలుకలని నిజంగనే అనుకున్నడో, మట్టి చూసి అన్నడో నాకు తెల్వలే. అడిగే ధైర్యం లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. కొంగుతోటి నెత్తి తుడుచుకొని గిన్నెలు కడిగిన.

తెల్లారి సారు వచ్చిండు, అదే సారు. నాయిన గడ్డం గీసుకొని, రిటైరైన నాడు ఏసుకున్న తెల్లంగి తొడుక్కొని ఉన్నడు. చెప్పాల్సింది అంతా సదువుకున్న పిలగాని లెక్క చెప్పిండు. దుంగ ఎందుకు పెడ్తరు, ఎక్కడ పెడ్తరు, దుంగ ఉన్నదంటె ఏం అర్థం. సారు ఫోను చూసుకుంట ఇన్నడు.

"తాతా, నాకు దీంట్ల రెండే ఉన్నయి. పడ్డదా, నిలబడ్డదా. మీ దుంగల సంగతి దీంట్ల రాసే జాగ లేదు" అన్నడు. అనుకుంటనే లోపలి ఫొటో కోసం గడప దాటి, వాకిలి కాడి దుంగ మీద చెయ్యేసి ఆనుకున్నడు.

నాయిన డెబ్బై ఏండ్ల మనిషి అనుకునేరు. ఒక్క ఊపుల సారు రెక్క పట్టి బయటికి గుంజిండు. సారు చేతిల ఫోను బురదల పడ్డది.

"నా మీద చెయ్యేస్తవా? గవర్నమెంటు డ్యూటీల ఉన్న నేను!" అని సారు మా మీదికి లేచిండు. "ఇల్లు గట్టిగనే ఉంది, నిలబడ్డదనే రాస్త. ఏం చేస్కుంటరో చేస్కోండి."

నా పని అయిపోయిందనుకున్న. సారు కాళ్ళ మీద పడాల్నా, నాయిన మీద పడి కొట్టాల్నా తెల్వలే. నాయిన మాత్రం కొంచెంసేపు ఇంటి దిక్కు చూసుకుంట నిలబడ్డడు. అవ్వ పసుపు రాసిన గడప, పిల్ల ఎత్తు గీతలు గీసిన తలుపు చెక్క, అన్నీ ఒక్కసారి చూసిండు. చూసి, నా దిక్కు తిరిగిండు.

"బిడ్డా, దండెం తాడు తే."

తెచ్చిన. తాడు కొస వాకిలి కాడి దుంగ అడుగున కట్టి, రెండో కొస పట్టుకొని తొవ్వ అవతలికొచ్చిండు. సారును, ఖాలాను, చూడవచ్చినోళ్ళను అందరిని ఇంకా ఎనుకకు జరిపిండు.

"లోపల ఎవలన్న ఉన్నరా?" అని కేకేసిండు. మూడుసార్లు ఏసిండు. ప్రతిసారి ఆగి ఇన్నడు. నన్ను, "మనుషులను లెక్కవెట్టు" అన్నడు. లెక్కవెట్టిన. పిల్ల ఖాలా గడపల ఉన్నదని చెప్పిన. "మళ్ళొకసారి" అన్నడు. మళ్ళ లెక్కవెట్టిన.

అప్పుడు సారు దిక్కు తిరిగిండు. "దుంగ తీసుడు గూడ నా పనే సార్. బొగ్గంత అయిపోయినంక తీస్తం. తీసుడు తప్పు గాదు. లోపల ఎవలున్నరో చూడకుండ, ఎవలికి చెప్పకుండ తీసుడు తప్పు."

ఆయన నా మొఖం చూడలే. నేను మాత్రం భూమిని చూసిన.

తాడు గుంజిండు. దుంగ ఒరిగింది. ఒక నిమిషం ఏం గాలే. ఎవరో నవ్విండ్రు గూడ. తర్వాత ఒక పెంక జారింది, ఇంకోటి జారింది, దూలం నడుమకు ఇరిగి పెద్ద సప్పుడు చేసింది. మిగిలిన మూడు దుంగలు ఒకదాని మీద ఒకటి పడ్డయి. ఎనుక గోడ, పక్క గోడ, ఆఖరికి వాకిలి గోడ, అన్నీ కూసున్నయి. దుమ్ము లేచి మమ్ముల కప్పింది. దుమ్ము తేలినంక చూస్తె సారు అంగి ఇటుక దుమ్ముకు ఎర్రగైంది, బురదలకెళ్ళి తీసిన ఫోనును తుడుస్తున్నడు. తను ఎక్కడ నిలబడి ఉండెనో అక్కడనే దూలం పడ్డది. ఆ జాగ దిక్కే చూసుకుంట ఉన్నడు.

"రాసుకోండి సార్" అన్నడు నాయిన. తాడు ఇంకా ఇడవలే.

సారు రెండు ఫొటోలు తీసిండు. బండెక్కి పోయిండు.

ఆయన పోయినంక నాకు అసలు భయం మొదలైంది. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అన్నట్టైతె? కావాలనే కూలగొట్టుకున్నరని రాస్తె? సారు మీద చెయ్యేసిండని కేసు పెడ్తరని ఎదురింటి వదినె ఎవలో చెప్తే ఇన్నదంట. మా ఆయన ఫోన్ల "మీ తండ్రీబిడ్డలకు పిచ్చి లేసిందా" అని తిట్టిండు. కుట్టిన జాకెట్లు చేతులు ఎనుకాముంగట అయి తిరిగొచ్చినయి. తొవ్వల బండి సప్పుడైతె పోలీసులనుకునేదాన్ని. నాయిన మాత్రం రోజు పొద్దుగాల ఖాలా వరండల లేచి ఆ మట్టి కుప్ప కాడికి పోయి, మంచి పెంకలు ఏరి ఒక దిక్కు పేర్చేది. ఆయనకు పోవుటానికి ఇంకెక్కడ జాగ లేదు. అది చూస్తె నాకు గుండె చెరువైతుండె. ఆ పెంకలు ఎన్నడూ ఏ ఇంటి మీదికి ఎక్కయని ఆయనకూ తెలుసు.

వానకాలం పోయి, చలి పడే యాళ్ళకు వార్డు ఆఫీసు గోడకు లిస్టు అతికిచ్చిండ్రు. ఖాలా నన్ను చెయ్యిపట్టి తీస్కపోయింది. వేలు పెట్టి కిందికి కిందికి పోతుంటె అచ్చరాలు కనవడ్తలేవు. ఖాలానే "నీ పేరు గిదేనా?" అన్నది. నా పేరే. పూర్తిగ కూలిన ఇండ్ల కింద. పక్కన చిన్న అచ్చరాలల్ల, "సర్వే సమయంలో కూలినది" అని ఉన్నది. అబద్ధం గాదు, మొత్తం నిజం గాదు. ఆ సారు కోపం ఎట్ల సల్లారిందో నాకు ఇప్పటికీ తెల్వది. ఆయన ఎక్కడున్నా సల్లగుండాలె. నేను ఆ గోడ కాడనే ఖాలాను పట్టుకొని ఏడ్చిన.

ఊరి మీది దిక్కు మెరక జాగ ఇచ్చిండ్రు. పునాది తీసినంక ఫొటో, గోడలు లేసినంక ఫొటో, ఆ ఫొటోలు చూసినంకనే బ్యాంకుల పైసలు. వేసవిల స్లాబు పోసినం. స్లాబు కింద సెంట్రింగ్ పెట్టిండ్రు, అంటే ఇనుప రేకులు, వాటి కింద వరుసగ కర్రలు, ప్రతి కర్ర కింద బిగువుకు చెక్క చీలలు. నాయిన అది చూసి మేస్త్రీని పక్కకు నెట్టినంత పని చేసిండు. ఒక్కొక్క చీల తనే చూసిండు. మేస్త్రీ ఇగ తీస్తనంటె "ఇంకొక వారం" అన్నడు. వారమైనంక "ఇంకొక మూడు దినాలు" అన్నడు. రోజు మేడెక్కి చేతికర్రతోటి స్లాబును కొట్టి చెవి పెట్టేది. ఆఖరికి ఒకనాడు పొద్దుగాల దిగొచ్చి "తియ్యొచ్చు" అన్నడు.

మేస్త్రీ సుత్తె తీసుకున్నడు. నాయిన ఆ సుత్తె అందుకొని, పనోళ్ళందరిని బయటికి పొమ్మన్నడు. మా పిల్లను గూడ పొమ్మన్నడు. అందరు పోయినంక సుత్తె నా చేతిల పెట్టిండు.

"మొదటి చీల నువ్వు కొట్టు" అన్నడు.

"నాకేం తెలుసు నాయినా? మేస్త్రీ కొడ్తడు" అన్న.

"ఎలుకకు చీల తీసుడు నేర్పాల్నానే?" అన్నడు.

నేను తలెత్తలేకపోయిన. ఆ దినం నల్లా కాడ నా నెత్తిల మట్టి చూసినప్పటి సంది ఆయనకు ఎరుకే. ఒక్కనాడు అడుగలే, ఒక్కలకు చెప్పలే. నా కండ్లకెళ్ళి నీళ్ళు కారుతుంటె తుడుచుకున్న. నాయిన స్లాబు కింద, మొదటి కర్ర పక్కన, గోడకు ఆనుకొని నిలబడ్డడు.

"నువ్వు బయటికి పో నాయినా" అన్న.

"పోను. లోపల ఎవలున్నరో చూసి కొట్టు."

నేను వాకిట్లకొచ్చి మూడుసార్లు కేకేసిన. ఈసారి గొంతు పలికింది. ఎవ్వలు లేరన్నరు అందరు. మళ్ళ లోపలికొచ్చి, "నువ్వున్నవు నాయినా, నేనున్న" అని లెక్క చెప్పి, చీల మీద సుత్తె ఎత్తిన.